అంచుల వదిలేసిన పుల్ల

మా ఇంటికి ఎవరన్న చుట్టాలొస్తే మా అత్తమ్మ నన్ను చూపెట్టి, "మా కోడలు వకీలే గని కోర్టుకు పోదు" అంటది. డాక్టరే గని సూది ముట్టదు అన్నట్టు. వచ్చినోళ్లు నా దిక్కు జాలిగ చూస్తరు. నేను ఊకుంటనా? "కోర్టుకు పొయ్యేటోళ్లు ఏం మాట్లాడాల్నో రాసిచ్చేది నేనే అత్తమ్మా" అంట. "అంటే ఎనుక నిలవడి అందిచ్చుడన్నట్టు" అంటదామె, పప్పుల ఉప్పు చూసి చెప్పినంత తేలికగ.

ఆమె మీద కోపమొస్తది గని, నా కొలువు గురించి అంత సూటిగ ఇంకెవరూ చెప్పలేదు. హైదరాబాదుల ఒక పెద్ద లాయర్ల ఆఫీసు. పేర్లు, గుర్తులు, డిజైన్లు, రాతలు, ఇట్ల మనిషి తలకాయలకెళ్లి పుట్టిన ఆస్తుల మీద వచ్చే పంచాదులే వాళ్లు చూస్తరు. అండ్ల నాది సపోర్ట్ లాయర్ పని. కొత్త తీర్పులు చదివి నాలుగు ముక్కలల్ల రాసియ్యాలె. అర్జీలు తయారు చెయ్యాలె. సాక్ష్యాలు వరుసల పెట్టాలె. అసలుది, నకలుది పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో గీసి చూపెట్టాలె. నల్లకోటు నాకూ ఉంది. అల్మారల వేలాడుతది. కొన్నేండ్లు ఆ ఆఫీసుల కూర్చొని చేసి, తర్వాత జగిత్యాలకు తిరిగొచ్చి, మా మేడమీది అర్రల కంప్యూటర్ పెట్టుకొని ఇక్కడి నుంచే చేస్తున్న.

ఇన్నేండ్ల పనిల నాకొక పొగరు పట్టింది. రెండు బొమ్మలు ముంగట పెడితే నా కండ్లకు దొరకని తేడా ఉండదని. మా ఆఫీసు పెద్ద సారు గూడ, "ఆమె చూసిందంటే మల్ల చూడనక్కర్లేదు" అనేటోడు. ఆ పొగరు సిరిసిల్లల ఒక సాంచెల షెడ్డుల, అరనిమిషంల దిగింది. అది చెప్పడానికే ఇది రాస్తున్న.

సాంచెలంటే మరమగ్గాలు. సిరిసిల్లల ఎవరూ మరమగ్గం అనరు. ఆ ఊళ్లె ఒకాయన, అరవై దాటిన మనిషి, నాలుగు సాంచెలు పెట్టుకొని నూలు చీరెలు నేస్తడు. పొద్దున లేస్తె ఇంటామె కండెలు చుడుతది, ఆయన సాంచెలు చూస్తడు. వయసుల ఉన్నప్పుడు పని లేక మహారాష్ట్రల ఉన్న బివండి పోయి, పన్నెండు మంది ఒక అర్రల వంతులేసుకొని పండుకొని, వేరేటోళ్ల సాంచెల మీద పనిచేసి వచ్చిండు. వచ్చిన రోజు ఇంటిముంగట కాళ్లు కడుక్కుంట, ఇగ ఆ రైలు ఎక్కనని ఒట్టు పెట్టుకున్నడట. తర్వాత సిరిసిల్లకు ఎన్ని కష్టకాలాలు వచ్చినయో లోకానికి తెలుసు. ఆయన గల్లీలనే సగం ఇండ్లకు తాళాలు పడ్డయి. ఆయన తట్టుకున్నది ఒక్క అంచు మీద. గునుగుపువ్వు అంచు. పసుపుపచ్చటి పోగుల మీద, బతుకమ్మల పేర్చే తెల్లటి గునుగు, నిలువుగ లేచి, వరుసగ. జగిత్యాల, కోరుట్ల దుకాండ్లల్ల ఆ అంచు చీర అడిగి కొనేటోళ్లు ఉన్నరు. మిగితా చీరెలు గుట్టలు పడి ఉన్నా ఈ చీర ఆగది.

ఒకరోజు జగిత్యాల బట్టల దుకాణపాయన ఈ సిరిసిల్ల కాకను నా దగ్గరికి తోలిచ్చిండు. మెట్లెక్కి వచ్చి, చెప్పులు కిందనే ఇడిచి, ప్లాస్టిక్ కవరుల నుంచి ఒక కాయితం తీసి నా టేబుల్ మీద పెట్టిండు. ఇంగ్లీషుల ఉంది.

"ఏముందో సదువు వకీలమ్మా. మా దగ్గర ఒక పోరగాడు సదివి మూడు తీర్ల జెప్పిండు."

చదివిన. వేరే రాష్ట్రంల ఉన్న బట్టల షావుకారు ఒకాయన పంపిన నోటీసు. గునుగుపువ్వు అంచు ఆయన పేరు మీద రిజిస్ట్రీ అయ్యింది. కలకత్తల ఉండే డిజైన్ల ఆఫీసు ఇచ్చిన సర్టిఫికెట్ నకలు గూడ పెట్టిండు. ఇగ మీద ఈ అంచు నేస్తే కేసు, సాంచెలు ఆపాలె, ఉన్న చీరెలు అప్పజెప్పాలె అని రాసి ఉంది.

"అంటే నా అంచు నేను నెయ్యద్దంటుండా?"

"అట్లనే రాసిండు కాకా."

"మరి ఏం నెయ్యమంటుండు?"

"అది రాయలే."

ఆయన నవ్విండు. నవ్వి, కిటికీల నుంచి రోడ్డు దిక్కు చూసుకుంట, "అయితే మల్ల బివండే" అన్నడు. "మా బామ్మర్దికి ఫోను జేసిన. అర్ర సూస్తనన్నడు. ఇద్దరం పోతం. ఆమె కండెలు సుడుతది, నేను నడుపుత. గీ వయసుల ఎవడు పనిస్తడో సూడాలె."

ఒట్టు సంగతి అప్పుడు చెప్పలేదు. అది తర్వాత వాళ్ల ఇంటామె చెప్పింది. కాని "మల్ల" అన్న మాట ఆయన అన్న తీరుకే నేను అక్కడికక్కడే మా సారుకు ఫోన్ చేసి, ఈ కేసు పట్టాల్సిందే అని కొట్లాడిన. ఆయన మొదలు కాదన్నడు, తర్వాత అవునన్నడు. నాతోటి కొట్లాడి గెలిచేకంటే ఒప్పుకునుడే నయమని ఆఫీసుల అందరికీ తెలుసు.

చట్టం ఏం చెప్తదో ఇక్కడ ఒక్క ముక్కల చెప్పాలె. డిజైను రిజిస్ట్రీ కావాల్నంటే అది కొత్తదై ఉండాలె. అంతకుముందే మన దేశంల ఎక్కడన్న జనం దాన్ని కొని కట్టుకొని ఉంటే కొత్తది గాదు, ఆ డిజైన్ల ఆఫీసుల అర్జీ పెట్టి రుజువు చేస్తే రిజిస్ట్రీ రద్దయితది. అయితే ఆ ఆఫీసోళ్లకు సిరిసిల్ల గల్లీల ఎవరేం నేస్తున్నరో ఎట్ల తెలుస్తది? వాళ్ల ముంగటికొచ్చిన కాయితాన్నే చూస్తరు. కాబట్టి మేం రెండు రుజువు చెయ్యాలె. షావుకారు అంచు, కాక అంచు ఒకటే అని ఒకటి. షావుకారుకంటే ముందే అది జనం ఒంటి మీద ఉందని ఇంకొకటి.

మొదటిది నాకు ఎడమచేతి పని అనుకున్న. కాక ఇచ్చిన చీర అంచును పెద్దగ ఫోటో తీసి, గళ్ల కాయితం మీద చుక్క చుక్క పెట్టి గీసిన. గీస్తుంటే ప్రతి గునుగు కొసకు ఒక చుక్క తక్కువ వచ్చింది. కొస తెగినట్టు. మళ్లమళ్ల చూసిన, అన్నిటికీ అంతే. సాంచె అరిగి పోగు లేస్తలేదేమో అనుకున్న. విచారణ చేసే అఫీసర్ ముంగట కంతలున్న బొమ్మ ఎందుకని, నా చేతితోటి ఆ చుక్క నింపిన. అన్ని పువ్వులకు. ఎంత నిండుగ కనవడ్డదో! సారుకు పంపితే, "అద్భుతం" అని ఒక్క మాట రాసిండు.

ఆ బొమ్మ మీద కాక సంతకం పెట్టించుకుందామని సిరిసిల్ల పోయిన. షెడ్డుల నాలుగు సాంచెలు కొట్టుకుంటుంటే మాట వినరాదు. ఆయన చెయ్యి తుడుచుకొని, కండ్లద్దాలు గూడ పెట్టుకోకుంట, కాయితాన్ని దూరంగ పట్టుకొని చూసిండు. అరనిమిషం. తిరిగి నా చేతిల పెట్టిండు.

"ఇది నా అంచు గాదు."

"ఏంది కాకా! నీ చీర చూసే గీసిన. మూడు దినాలు పట్టింది."

"మంచిగనే గీసినవ్. నాది గాదు."

"మరి ఎవరిది?"

"నీది." ఇట్ల అని బొటనవేలు పువ్వు కొస మీద పెట్టిండు. "గీడ పుల్ల లేదు నాకు. నువ్వెందుకు పెట్టినవ్?"

నాకు రోషమొచ్చింది. "అది సాంచెల తప్పు కాకా, నేను సరిచేసిన" అన్న. ఆ మాటకు కండెలు చుడుతున్న ఆయన ఇంటామె చరఖా ఆపి, "అయ్యో, సరిజేసిందట!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. సాంచెలు ఆగలే గని వాళ్ల నవ్వు మాత్రం వినవడ్డది.

కాక ఒక సాంచె ఆపి నన్ను దానిమీదికి వంగి చూడుమన్నడు. పైన డాబీ అనే పెట్టె ఉంది. దానికి చెక్కపట్టీల గొలుసు వేలాడుతది. పట్టీలకు బెజ్జాలు. కొన్ని బెజ్జాలల్ల అగ్గిపుల్లకంటే లావు కట్టెపుల్లలు దిగేసి ఉన్నయి. గొలుసు తిరుగుతుంటే, పుల్ల ఉన్న చోట పోగులు లేస్తయి, లేని చోట లేవయి. పువ్వంటే అంతే. ఎక్కడ పుల్ల పెట్టాలె, ఎక్కడ ఖాళీ ఇడువాలె అనే లెక్క. ఆ లెక్క ఎక్కడా రాసి లేదు. ఆయన కండ్లు మూసుకొని, గొలుసు మీద వేలు జరుపుకుంట నాకు చదివి చెప్పిండు. "గిది మొదలు. గిక్కడ ఆకు. గిక్కడ కాడ. గిప్పుడు గునుగు లేస్తది… లేస్తది… గీడ కొస." కొస దగ్గర బెజ్జం ఖాళీగ ఉంది. వేలు ఆ ఖాళీ మీద ఆపి కండ్లు తెరిచిండు.

"గిది దిష్టిపుల్ల. కొత్త అంచు గట్టినప్పుడు ఒక పుల్ల తక్కువ పెట్టుడు మా ఇంట్ల అలవాటు. మా నాయిన పెట్టలే, మా తాత పెట్టలే. నిండుగున్నదానికి దిష్టి తగుల్తది బిడ్డా. చంటిపిల్లకు చెంప మీద సుక్క పెడుతం గదా, గట్ల. మీకు పెట్టుడు, మాకు పెట్టకపోవుడు."

నేను ఎన్ని వందల డిజైన్లు చూసిన్నో నాకే తెల్వదు. ప్రతి దాంట్ల ఉన్నదాన్నే చూసిన. కావాలని వదిలిపెట్టిన దాన్ని ఒక్కసారి గూడ చూడలే. ఒక మనిషి వేలి కొనల ఒక పువ్వు మొత్తం, దాని లోపంతోటి సహా, ఇన్నేండ్లు కాయితం లేకుంట బతికి ఉంది.

అప్పుడు యాదికొచ్చి, సంచిల నుంచి షావుకారు సర్టిఫికెట్ తీసిన. దాని మీద ఆయన రిజిస్ట్రీ చేయించుకున్న అంచు బొమ్మ ఉంది. చాలాసార్లు చూసిన బొమ్మే. ఈసారి కొసలు చూసిన. ప్రతి గునుగు కొసకు ఒక చుక్క తక్కువ.

కాకకు చూపెట్టిన. ఆయన చాలాసేపు చూసిండు. కోపం వస్తదనుకున్న. రాలే. "అరె, మా దిష్టిని గూడ ఎత్కపొయ్యిండు పాపం" అన్నడు.

నేను నింపిన బొమ్మ పంపి ఉంటే, అసలుకు నకలుకు తేడా ఉందని మేమే రాసిచ్చినట్టయ్యేది. ఎవరూ చేయని తప్పు, కాకను నా చేతితోటే బివండి రైలెక్కిచ్చే తప్పు. ఆ కాయితాన్ని అక్కడనే నాలుగు ముక్కలు చేసిన. ఇంటామె ఆ ముక్కలు ఏరి పొయ్యిల వేసింది. "సంతకం పెట్టకుంటే గింత కోపమా వకీలమ్మకు" అనుకుంట.

ఇగ రెండోది. ముందు నుంచి ఉన్నదని రుజువు.

"పాత గొలుసు లేదా కాకా?"

"పుల్లలు తీసి కొత్తదానికి పెట్టుకుంటం. పుల్లలు ఊకె వస్తయా?"

"పాత చీర?"

"నేసేటోని ఇంట్ల చీర ఉంటదా బిడ్డా?"

బిల్లులు లేవు. దుకాణపోళ్ల దగ్గర లేవు. ఫలానా ఏడాది నుంచి నేస్తున్ననని ఆయన చెప్పుడే గని చూపెట్టేందుకు ఏ కాయితం లేదు. వేములవాడ మీదుగ జగిత్యాల బస్సుల తిరిగొస్తుంటే, ముందు సీట్ల ఆడోళ్ల భుజాల దిక్కే చూసిన. మా దిక్కు ఆడోళ్లు ఎక్కడికన్న పోతే, అంచు కనవడేటట్టు కొంగు భుజం మీద పరుచుకుంటరు. ఫోటోకు కూర్చుంటే మరీను. ఫోటో అన్న మాట మనసుల పడ్డదో లేదో, నాకు పాత సంగతి ఒకటి మెరిసింది.

నేను లా చదివి వచ్చిన కొత్తల, ఈ డిజైన్లు గిజైన్లు తెల్వని కాలంల, జగిత్యాలల ఒక పెద్ద వకీలు దగ్గర జూనియర్ గ ఉన్న. గల్ఫు పొయ్యినోళ్ల ఇండ్లల్ల ఆడోళ్లు వరుస కట్టేటోళ్లు. మనిషి జాడ లేదని ఒకామె, శవం రావాలని ఇంకొకామె. కూర్చొని వాళ్ల అఫిడవిట్లు టైపు చేసుడే నా పని. అండ్ల కోరుట్ల నుంచి వచ్చిన ఒకక్క ఉండె. బీడీలు చేసేది. పెనిమిటి దుబాయిల పని దగ్గరే గుండాగి పోయిండు. ఈమె ఆయన భార్యనే అని రుజువుకు, ఆయన పొయ్యేముంగట స్టుడియోల ఇద్దరు దిగిన ఫోటో అఫిడవిటుకు అంటించినం. నోటరీ ముద్ర కొట్టబోతుంటే ఆమె ఆ నోటరీ చెయ్యి పట్టుకున్నది. "మొఖం మీద కొట్టకుండ్రి సారూ. గాయన మొఖం గింతకు మించి లేదు నాకు." నోటరీ విసుక్కున్నడు. ముద్ర ఫోటో మీదికి, కాయితం మీదికి పడాలెనని రూలు. నేనే కాయితాన్ని పక్కకు తిప్పిన. ముద్ర, తేదీతోటి సహా, ఆమె భుజం మీద పడ్డది. చీర అంచు మీద.

ఇంటికి పోంగనే పాత బీరువ తెరిచిన. జూనియర్ గ ఉన్నప్పటి జిరాక్సులు కట్టలు కట్టి పెట్టుకున్న. దొరికింది. ఫోటో నల్లగ మసైంది. అయినా భుజం మీద, ముద్ర కింద, పక్కన, వడ్లగింజల లెక్క మూడు తెల్లటి మరకలు. గునుగో, ఇంకేదో. ముద్ర మీది తేదీ మాత్రం షావుకారు రిజిస్ట్రీకంటే ఎన్నో ఏండ్ల ముందుది.

తెల్లారి కోరుట్ల పోయిన. అక్క అదే ఇంట్ల ఉంది. జుట్టు నెరిసింది. అరుగు మీద చాట ఒళ్లె పెట్టుకొని బీడీలు చుడుతుంది. పక్కన ఇంకో ఇద్దరు చాటలు పెట్టుకొని కూర్చున్నరు. నన్ను గుర్తుపట్టింది. వేళ్లు మాత్రం ఆపలే. నేను సంగతి చెప్పి ఫోటో అడిగిన.

"ఇయ్య" అన్నది.

"అక్కా, మల్ల తెచ్చిస్త."

"అందరు గట్లనే అన్నరు. ఆయన పొయినప్పుడు ఒకడు ఫోటో అడిగిండు, ఇచ్చిన. ఇంకోడు అడిగిండు, ఇచ్చిన. ఆఫీసుకొకటి, ఏజెంటుకొకటి. ఒక్కటన్న తిరిగొచ్చిందా? నాకు మిగిలింది మీ కాయితానికి అంటిచ్చింది ఒక్కటే."

పక్కామె, "వకీలమ్మా, నా ఫోటో కావాల్నా? నేను గూడ మంచిగనే పడ్డ" అన్నది. అందరు నవ్విండ్రు. అక్క నవ్వలే.

నేను వాదిచ్చిన. వాదిచ్చుడే గదా నాకు వచ్చింది. చట్టం చెప్పిన, న్యాయం చెప్పిన, రసీదు రాసిస్తనన్న. ఆమె ఆకు కత్తిరిచ్చుకుంట అన్నీ విన్నది. ఆఖరుకు తనే అడిగింది.

"గా సిరిసిల్లాయనకు గిప్పుడు ఏం గావాలె?"

"ఏం లేదక్కా. బివండి పోకుంట ఇంటికాడ ఉండుడు."

ఆమె వేళ్లు ఆగినయి. చాట పక్కకు పెట్టి లోపలికి పోయింది. చాలాసేపటికి ఒక కాయితాల మూట పట్టుకొని వచ్చింది. అది నాకియ్యలే. చంకల పెట్టుకున్నది.

"పొయ్యేటోనికైతే ఇయ్యకపోదును. పోకుంట ఉండేటోనికి గావట్టి. గని ఫోటో ఏడికి పోతే నేను గాడికి వస్త. పొద్దుగూకేవరకు ఇద్దరం కోరుట్లకు రావాలె."

ఇద్దరం అంటే ఆమె, ఆ ఫోటో. నేను కాదు.

సిరిసిల్లల కాక షెడ్డుల ఆమె మూట ఇప్పింది. అఫిడవిట్ మడతలు పడి పచ్చబడ్డది. ఫోటో రంగులు వెలిసినయి. ఆయన కుర్చీల బిగుసుకొని, ఆమె పక్కన నిలవడి. నోటరీ ముద్ర రెండు పువ్వుల మీదికెళ్లి పోయింది. మూడోది ముద్రకు, తేదీకి నడుమ తేటగ పడ్డది. కాక దారాలు లెక్కవెట్టే చిన్న భూతద్దం తీసి దాని మీద ఆనిచ్చిండు. అక్క ఊకోలేదు.

"ఏందయ్యా, అంచే సూస్తున్నవ్, మా మనిషిని గూడ సూడు జర."

కాక సిగ్గుపడ్డడు. భూతద్దం జరిపి, కుర్చీల ఉన్నాయనను నిమ్మళంగ చూసిండు. "మంచిగున్నడమ్మా. బట్ట నలగకుంట కూసున్నడు" అన్నడు. తర్వాత మల్ల అంచు దగ్గరికి వచ్చి, నా చేతికి భూతద్దమిచ్చిండు. చూసిన. గునుగు కొస తెగి ఉంది.

"ఇది నా మొదటి బీము చీర. గీ అంచుతోటి ఎక్కిచ్చిన మొదటి పడుగు" అన్నడు. "తర్వాత కాడ పొడుగు జేసిన. గిది పొట్టి. చీర వంకాయ రంగు, అంచు పసుపు."

అక్క ఉలిక్కిపడ్డది. ఫోటోల చీర ఎర్రగ, మట్టిరంగుల వెలిసి ఉంది. "నీకెట్ల ఎరుక వంకాయ రంగని?"

"నా చీర నాకెరుక లేదా?" అని ఆయన చెయ్యి చాపి, ఆమె మూట కట్టుకొచ్చిన పేలిక అందుకున్నడు. నేను కోరుట్ల నుంచి దాన్నే చూసుకుంట వచ్చిన, ఒక్కసారి గూడ చూడలే. రెండు వేళ్ల వెడల్పు గుడ్డపేలిక. ఒక పక్క వంకాయ రంగు బట్ట, దానికి అంటుకొని పసుపు అంచు మీద గునుగు.

"గదేనయ్యా" అన్నది అక్క మెల్లగ. "చీర బొంతల పోయింది. బొంత పోయింది. అంచు సినగలే. కాయితాలు కట్టుకున్న."

ఆయన ఆ పేలికను గోరుతోటి గీకి, గుంజి, వెనక్కి తిప్పి చూసిండు. ఆమె దాన్ని ఇన్నేండ్లు ఇప్పుకుంట కట్టుకుంట ఉంది. ఒక్క పోగు జారలేదు. ఆమె ఆయన దిక్కు, ఆయన పేలిక దిక్కు చూసుకుంట ఉన్నరు. ఎవరి పేరు ఎవరికీ తెల్వదు. అయినా ఆమె జీవితంల ఉన్న ఒకే ఒక్క జంట ఫోటోల ఆయన చేతిపని ఉంది. ఆయన బతుకు నిలబెట్టే ఒకే ఒక్క కాయితం ఆమె మూటల ఉంది. నేను ఇన్నేండ్లు చదివిన చదువుల ఈ రెండింటిని కలిపే మాట లేదు. పక్కన నిలవడి చూసిన, అంతే. ఎనుక నిలవడి అందిచ్చుడు అని మా అత్తమ్మ ఊకె అనలేదు.

జగిత్యాలల ఆమె ముంగటనే ఫోటోను, పేలికను స్కాన్ చేయించిన. మిషన్ మూత మూసినప్పుడు ఆమె దాని మీద చెయ్యి పెట్టి నిలవడ్డది. కొత్త బొమ్మ గీసిన, ఈసారి కొసలు ఖాళీగ ఇడిచి. ఆ ఖాళీ కిందనే గీత గీసి రాసిన: నేతగాడు కావాలని వదిలిపెట్టింది, నకలుల గూడ ఉంది.

విచారణ వీడియోల జరిగింది. ఆ దినం అక్క మల్ల మూటతోటి వచ్చి నా మేడమీద కూర్చున్నది. సారు హైదరాబాదు నుంచి వాదిచ్చిండు. నేను రాసిచ్చిందే వాదిచ్చిండు, నాకంటే మంచిగ. అవతలి వకీలు మంచోడే. ఇట్లాంటి పువ్వులు ఎక్కడనైన ఉంటయి, కలిసినయి అన్నడు. అప్పుడు సారు కొసల సంగతి తీసిండు. పువ్వు కలువచ్చు, లోపం గూడ కలుస్తదా అన్నడు. అఫీసర్ అసలు ఫోటో చూపెట్టుమన్నడు. నేను చెయ్యి చాపిన. అక్క ఇయ్యలే. తనే కెమెరా ముంగటికి వచ్చి, రెండు చేతుల వేలికొసలతోటి ఫోటో పట్టుకొని నిలవడ్డది. అండ్ల ఉన్నోళ్లు ఎవరని అఫీసర్ అడిగిండు.

"ఒకలు నేను. ఒకలు లేరు" అన్నది. సారు ఇంగ్లీషుల చెప్పిండు. అఫీసర్ తల వంచి రాసుకున్నడు.

ఆర్డర్ వచ్చేవరకు నెలలు పట్టింది. ఆ నెలలల్ల కాక బామ్మర్దికి రెండుసార్లు ఫోన్ చేసి, అర్ర పోనియ్యద్దని చెప్పిండట. ఒక పొద్దటి పూట నా మెయిలుకు వచ్చింది. మొత్తం చదవక ముందే ఆఖరి పేజీకి పోయిన. షావుకారు రిజిస్ట్రీ రద్దు. కాకకు ఫోన్ చేసిన. సాంచెల సప్పుడుల అరిచి చెప్పిన.

"అయితే పోవుడు లేదా?"

"లేదు కాకా."

"ఒక్కనిమిషం ఆగు" అన్నడు. ఫోన్ ఎక్కడనో పెట్టి పోయిండు. ఇంటామెకు చెప్పడానికేమో. మల్ల రాలే. ఫోన్ పెట్టెయ్యలే. నాలుగు సాంచెలు కొట్టుకునే సప్పుడు అట్లనే విన్న, నా కాఫీ చల్లారేదాక.

మొన్న ఒక కొత్త అంచు కట్టిండు. తంగేడు. దుకాణాలకు పంపుతున్ననని ఫోన్ల చెప్తే నేను ఎగిరి దూకినంత పని చేసిన. "అమ్మకముందే రిజిస్ట్రీ చేయించాలె కాకా! అమ్మినంక కొత్తది కాదు."

"ఎవలు కట్టుకోకముందే అంచెట్లయితది బిడ్డా? ముందుగాల ఎవలన్న కట్టుకోనీ."

"నీకు ఇంత జరిగినా బుద్ధి రాలే."

"నీకు రాలే. నిండుగ గీసుడు మానినవా లేదా?"

ఒక దినమంతా కొట్లాడినం. ఆఖరుకు ఆయనే దిగొచ్చి, ఒక గజం పేలిక నేసి బస్సుల పంపిండు. ఇప్పుడు నా ముంగట గళ్ల కాయితం ఉంది, పక్కన దరఖాస్తు. తంగేడు పువ్వు ఒక్కొక్క చుక్క పెట్టుకుంట వస్తున్న. నాలుగో రెక్క దగ్గరికి వచ్చిన. గుడ్డ మీద అక్కడ ఒక పోగు లేవలే. చెయ్యి దానంతట అది నింపబోయింది. ఆపిన. ఆ గడి ఖాళీగ ఇడిచి, తర్వాతి గడికి పోయిన.